పాలకొల్లు నుంచి భీమవరం: మా పిల్లలకు పళ్ళ డాక్టరును ఎలా ఎంచుకున్నామంటే

మా బాబుకు నాలుగేళ్ళు దాటాక కింది వరసలో కుడివైపు దవడ పన్ను పుచ్చింది. అన్నం ముద్ద అటు వెళ్తే చాలు, నమలడం ఆపేసి నోరు తెరుచుకుని కూర్చునేవాడు. రాత్రిళ్ళు చెంప పట్టుకుని ఏడుస్తూ లేచేవాడు. పాపకు ఏడేళ్ళు. తనకు నొప్పేమీ లేదు గానీ, కింది ముందు పళ్ళు పాలపళ్ళ వెనక నుంచి రెండో వరసలా మొలుస్తున్నాయి. ఇద్దరినీ ఒకే డాక్టరుకు చూపిస్తే బాగుంటుందని వెతకడం మొదలుపెట్టాం. చివరకు భీమవరంలో కుదిరింది. వీరవాసరం మీదుగా పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో, పెద్ద దూరం కాదు. కానీ నొప్పితో ఉన్న పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో కూర్చుంటే అదే చాలా దూరం అనిపిస్తుంది. అందుకే పక్క ఊరికి వెళ్ళాలా వద్దా, వెళ్తే ఎవరి దగ్గరకు వెళ్ళాలి అన్నది మా ఇంట్లో చాలా రోజులు నలిగింది. మాలాగే వెతుక్కుంటున్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

మొదట ఇంట్లో వాళ్ళను ఒప్పించాల్సి వచ్చింది. "పాలపళ్ళే కదమ్మా, ఎలాగూ ఊడిపోయేవే. లవంగం నూనె దూదితో పెట్టు, సర్దుకుంటుంది" అన్నారు అత్తయ్యగారు. మావారు కూడా సగం అటే మొగ్గారు. పాలపళ్ళన్నీ ఒకేసారి ఊడవన్న సంగతి చాలామందికి తట్టదు. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి. వెనక దవడ పళ్ళు మాత్రం పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అంటే మా వాడు ఆ పిప్పి పన్నుతోనే ఇంకో ఆరేడేళ్ళు అన్నం తినాలి. పుచ్చు నరం దాకా వెళ్తే చీము పడుతుంది. ఆ పాలపన్ను కిందే శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది కాబట్టి, చీము ముదిరితే దానికీ దెబ్బే. పోనీ పీకించేద్దామంటే, ఆ ఖాళీలోకి పక్క పన్ను ఒరిగిపోతుంది. తర్వాత రావలసిన పంటికి చోటుండదు, అది వంకరగా వస్తుంది. ఇదంతా కూర్చోబెట్టి చెప్పాక అత్తయ్యగారే "అయితే ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

మా ఊళ్ళో మేం ఎప్పట్నుంచో చూపించుకునే డాక్టరు గారు ఉన్నారు. మా అందరికీ ఆయనంటే గురి. ముందు ఆయనకే చూపించాం. బాబు కుర్చీ చూడగానే నోరు బిగించేశాడు. ఆయన కాసేపు బుజ్జగించి, టార్చి వేసి పైపైన చూసి, పక్కన పెట్టేశారు. "పుచ్చు లోతుగా ఉందండీ, నరం దాకా వెళ్ళి ఉంటుంది. పట్టుకుని బలవంతంగా చేశామనుకోండి, వీడు ఇక జన్మలో పళ్ళ డాక్టరు గడప తొక్కడు. పిల్లల పళ్ళకే చదువుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకు చూపించండి" అన్నారు. అప్పటికి నొప్పి తగ్గడానికి బాబు బరువు చూసి సిరప్ రాశారు, ఫీజు తీసుకోలేదు. తన చేతిలో లేని పనిని లేదని చెప్పిన ఆయన మీద మా గౌరవం ఇంకా పెరిగింది.

అక్కణ్ణుంచి అసలు వెతుకులాట మొదలైంది. స్కూలు వాట్సాప్ గ్రూపులో అడిగితే తలా ఒక పేరు చెప్పారు. అందులో సగం వాళ్ళు తమకు రూట్ కెనాల్ చేసిన డాక్టర్ల పేర్లే చెప్పారు. ఆన్‌లైన్ రివ్యూలూ అంతే, ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే. నేను పిల్లల గురించి రాసినవి మాత్రమే ఏరి చదివాను. "మా పాప ఏడవలేదు" అన్న ఒక్క మాట కంటే "మొదటి రోజు ఏడ్చింది, రెండోసారి తనే కుర్చీ ఎక్కింది" అని రాసిన తల్లి మాట నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది. అన్నిటికంటే పనికొచ్చిన సలహా మాత్రం పిల్లలకు జ్వరాలకు చూపించే డాక్టరు గారి నుంచి వచ్చింది. ఆయన దగ్గరకు రోజూ వచ్చే తల్లులు ఎవరి దగ్గర బాగయిందో, ఎవరి దగ్గర భయపడ్డారో ఆయనకు చెబుతూనే ఉంటారు కదా.

బోర్డులు చదవడం కూడా నేర్చుకున్నాను. పళ్ళ డాక్టరు కావడానికి చదివే బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళ చదువు. దాని మీద ఎండీఎస్ ఇంకో మూడేళ్ళు. ఎండీఎస్‌లో తొమ్మిది శాఖలు ఉంటాయి. కాబట్టి బోర్డు మీద ఎండీఎస్ అని ఉన్నంత మాత్రాన పిల్లల పళ్ళ డాక్టరని కాదు, క్లిప్పులు వేసే శాఖ కావచ్చు, చిగుళ్ళ శాఖ కావచ్చు, కట్టుడు పళ్ళ శాఖ కావచ్చు. మనకు కావలసింది పీడియాట్రిక్ అండ్ ప్రివెంటివ్ డెంటిస్ట్రీ, వాడుకలో పీడోడాంటిక్స్ అంటారు. బీడీఎస్ డాక్టర్లు పిల్లలకు చూడకూడదని కాదు. చిన్న ఫిల్లింగు, కదిలే పన్ను తీయడం లాంటివి చక్కగా చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ భయపడే నాలుగేళ్ళ పిల్లాడు, పైగా నరం దాకా వెళ్ళిన పుచ్చు అంటే ఆ ప్రత్యేక చదువు తేడా తెలుస్తుందని నా నమ్మకం.

తర్వాత ఫోన్లు. నేను అడిగిన వాటిలో ముఖ్యమైనది ఒక్కటే: "పిల్లల డాక్టరు గారు రోజూ ఉంటారా, లేక ఫలానా రోజే వస్తారా?" మన చిన్న టౌన్లలో పెద్ద క్లినిక్కుల్లో కూడా పిల్లల స్పెషలిస్టు విజయవాడ నుంచో రాజమండ్రి నుంచో వారానికోసారి వస్తుంటారు. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆదివారం పని చేయించుకుని మంగళవారం చెంప వాస్తే చూసేదెవరన్నది ముందే తెలుసుకోవాలి. ఇంకా, మొదటిసారి వచ్చినప్పుడే పని మొదలుపెడతారా, పక్కన అమ్మను ఉండనిస్తారా అని కూడా అడిగాను. ఫోనెత్తిన అమ్మాయి విసుక్కోకుండా జవాబు చెబుతోందా లేదా అన్నది కూడా గమనించాను. రేపు రాత్రి నొప్పి వస్తే నేను ముందు మాట్లాడాల్సింది ఆ అమ్మాయితోనే.

రాజమండ్రిలో మంచి పేరున్నవాళ్ళు ఉన్నారని చాలామంది చెప్పారు. మావారు అటే వెళ్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. పంటి పని ఒక్క రోజుతో అయ్యేది కాదు. నరం శుభ్రం చెయ్యడానికి ఒకసారి, ఒక్కోసారి మళ్ళీ ఇంకోసారి, క్యాప్‌కు మరోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చెకప్. రాజమండ్రి అంటే ప్రతిసారీ ఒక రోజంతా పోతుంది, పిల్లల స్కూలూ పోతుంది. దూరం ఎక్కువైతే మొదట్లో ఉత్సాహంగా వెళ్తాం, నొప్పి తగ్గగానే క్యాప్ వేయించడం వాయిదా పడుతుంది. క్యాప్ వెయ్యని పన్ను విరిగిపోతే అంతా మొదటికొస్తుంది. ఉదయం బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాగలిగే ఊరే మేలని భీమవరం వైపే చూశాం.

కానీ మేం మొదట చూపించిన చోట కుదరలేదు. ఊరూ పేరూ అనవసరం. హాలు నిండా బొమ్మలు, గోడ మీద కార్టూన్లు, పెద్ద టీవీ. పిల్లలిద్దరూ భలే సంబరపడ్డారు. లోపలికి వెళ్ళాక డాక్టరు బాబుతో ఒక్క మాట మాట్లాడలేదు. అసిస్టెంటు వాడి చేతులు పట్టుకుంటే గబగబా చూసి, నోట్లో కెమెరాతో ఫొటోలు తీసి, స్క్రీను మీద ఎర్రటి గుండ్రాలు చుట్టి, దాదాపు వెనక పళ్ళన్నిటికీ పంటి రంగులో ఉండే జిర్కోనియా క్యాపులు వెయ్యాలన్నారు. ఎక్స్‌రే తియ్యలేదు. ఈ రోజే అడ్వాన్సు కడితే డిస్కౌంటు అన్నారు. పళ్ళ పనికి ఈ రోజే అన్న తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు. వాపు, జ్వరం ఉంటే తప్ప ఒక రోజు ఆలోచించుకోవడానికి టైము అడగడం మన హక్కు. ఆలోచించి చెబుతామని లేచి వచ్చేశాం. బాబు బస్సెక్కేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత జ్వరాలకు చూపించే మా పిల్లల డాక్టరు గారు చెప్పిన క్లినిక్కుకు వెళ్ళాం. చిన్న క్లినిక్కు, ఒక మూల నాలుగు పుస్తకాలు, రెండు బొమ్మ కార్లు. అపాయింట్‌మెంటు ఉదయం పదింటికే ఇచ్చారు. చిన్నపిల్లలు పొద్దున పూట హుషారుగా ఉంటారు, మధ్యాహ్నం నిద్ర మత్తులో చిరాకు పడతారు, అందుకే పొద్దున పెడతామని ఫోన్లోనే చెప్పారు. డాక్టరు మేడమ్ బయటికి వచ్చి మా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. నాకంటే ముందు బాబునే పలకరించారు. వాడి చొక్కా మీద ఉన్న ట్రాక్టరు బొమ్మ గురించి ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు.

లోపలికి వెళ్ళాక ఆవిడ చేసిన పద్ధతి నేను కళ్ళారా చూశాను. ముందు చిన్న అద్దం చేతికిచ్చి "ఇందులో నీ ముక్కు కనిపిస్తోందా చూడు" అన్నారు. తర్వాత పళ్ళు తోమే మెషిన్ బ్రష్షు తీసి, ఆన్ చేసి, తన గోరు మీద తిప్పి చూపించారు. ఆపైన వాడి బొటనవేలి గోరు మీద. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ బలవంతపెట్టకుండా ఆగారు. కాసేపటికి వాడే వేలు చాపి "మళ్ళీ పెట్టు" అన్నాడు. అప్పుడు ఒక ముందు పంటి మీద పెట్టారు. ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే చెయ్యడం. పిల్లల దంతవైద్యంలో ఇది పాత పద్ధతేనట, నేర్చుకునేటప్పుడు అందరికీ ఇదే చెబుతారట. కానీ వెయిటింగ్‌లో జనం ఉన్నా ఆ ఓపిక పట్టడం అందరి వల్లా అయ్యే పని కాదు. వాడి పళ్ళు ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ ఇరవై దాకా వచ్చేసరికి వాడు నోరు తెరిచే ఉన్నాడు.

ఆ రోజు పెద్ద పనేమీ చెయ్యలేదు. సీసపు ఆప్రాన్ కప్పి చిన్న ఎక్స్‌రే తీశారు. గుంటలో ఇరుక్కున్నదంతా చేతి పరికరంతో మెల్లగా తీసి, నొప్పి తగ్గడానికి తాత్కాలికంగా మందు నింపారు. ఎక్స్‌రే మాకు చూపిస్తూ, పాలపన్ను వేళ్ళ మధ్య తెల్లగా ఒక గుండ్రటి నీడ ఉంటే దాని మీద వేలు పెట్టి, "ఇదేనమ్మా రాబోయే పన్ను. దీని కోసమే పైదాన్ని కాపాడుకోవాలి" అన్నారు. అత్తయ్యగారికి నేను నోటితో చెప్పిందంతా ఆ ఫొటోలో ఉంది. ఫోన్లో తీసుకుని ఇంటికి వెళ్ళగానే ఆవిడకు చూపించాను.

ఏం చెయ్యాలో కూడా విడమరిచి చెప్పారు. నరం ఎంతవరకు పాడైందన్నదాన్ని బట్టి పైభాగం మాత్రమే తీసి మందు పెట్టడం ఒకటి, వేళ్ళ దాకా శుభ్రం చెయ్యడం ఒకటి. బాబుకు రాత్రిళ్ళు దానంతటదే నొప్పి వస్తోంది కాబట్టి రెండోదే చెయ్యాలన్నారు. పైన క్యాప్. నేనే జిర్కోనియా సంగతి అడిగాను. "వెనక పన్ను కదమ్మా, ఎవరికీ కనపడదు. స్టీల్ క్యాప్ గట్టిగా ఉంటుంది, పన్ను తక్కువ అరగదీస్తే సరిపోతుంది, ఖర్చూ తక్కువ" అన్నారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఇంకో రెండు పళ్ళకు చిన్న మచ్చల్లాంటి పుచ్చు ఉంటే, వాటికి డ్రిల్లింగ్ లేకుండా సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తే పుచ్చు ముదరకుండా ఆగే అవకాశం ఉందన్నారు. పూసిన చోట నల్లగా అవుతుందని, అది పోదని ముందే చెప్పి, మాకు అభ్యంతరం లేదంటేనే పూస్తామన్నారు. ముందటి చోట క్యాపులు వెయ్యాలన్న పళ్ళలో చాలా వాటికి ఫ్లోరైడ్ వార్నిష్ అనే రక్షణ పూత పూసి కనిపెట్టి ఉంటే చాలని తేలింది.

పాప సంగతి ఇంకా తేలిక. కింది ముందు పళ్ళు పాలపళ్ళ వెనక నుంచి రావడం చాలామంది పిల్లల్లో మామూలేనట. పాలపన్ను కదులుతుంటే దాని మానాన అది ఊడిపోతుంది, నాలుక తోపుడుకు కొత్తది మెల్లగా ముందుకు జరుగుతుంది. అస్సలు కదలకపోతేనే తియ్యాలి. పాపకు రెండూ కదులుతున్నాయి కాబట్టి ముట్టుకోలేదు. క్లిప్పుల మాట ఇప్పుడే వద్దు, ఇంకొన్ని శాశ్వత పళ్ళు వచ్చాక చూద్దామన్నారు. ఆవిడ ఎక్కువ పట్టించుకున్నది వేరే పళ్ళను. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి ఇవి కూడా పాలపళ్ళేననుకుంటారు చాలామంది. ఇవి ముసలితనం దాకా ఉండాల్సిన పళ్ళు. పైన సన్నటి లోతైన గాళ్ళు ఉంటాయి, తిన్నది అందులో ఇరుక్కుని ముందు పుచ్చేవి అవే. పాపకు ఆ గాళ్ళు మూసేసేలా సీలెంట్ వేశారు. సూది లేదు, నొప్పి లేదు, నీలం లైటు కాసేపు. తమ్ముడు పక్కన నిలబడి అంతా చూశాడు. అక్కకు ముందు చేయించడం మాకు చాలా కలిసొచ్చింది.

బాబు పని రోజుకు ముందు మేడమ్ మాకో మాట చెప్పి పంపారు. ఇంట్లో "సూది", "పీకడం", "నొప్పి" అన్న మాటలు ఎత్తొద్దు, "అల్లరి చేస్తే డాక్టరు చేత ఇంజక్షన్ చేయిస్తా" అని అస్సలు బెదిరించొద్దు. "నొప్పి ఉండదు" అని కూడా అనొద్దట, ఆ మాటతోనే వాడికి నొప్పి అన్న ఆలోచన వస్తుంది. ఈ చివరిది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు ముందు చిగురుకు తియ్యటి జెల్లు రాసి, అది మొద్దుబారాక ఇంజక్షన్ చేశారు. సూది వాడి కంటబడనివ్వలేదు. "ఆపాలంటే ఎడమ చెయ్యి పైకెత్తు" అని చెప్పారు. వాడు పరీక్షించడానికే ఎత్తాడు, ఆవిడ నిజంగానే ఆపేశారు. ఆ తర్వాత వాడు చాలాసేపు ఎత్తలేదు. మధ్యలో కాసేపు ఏడ్చాడు, ఆ మాటా చెప్పాలి. నేను వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాను, ఆవిడే మాట్లాడుతూ ఉన్నారు. పరికరాల ప్యాకెట్లు మా ముందే కత్తిరించారు. ఆటోక్లేవ్‌లో క్రిములు చచ్చేలా వేడి చేస్తే ప్యాకెట్ మీది గుర్తు రంగు మారుతుందని, నేను అడిగితే ప్యాకెట్ తిప్పి చూపించారు.

ఇంటికొచ్చాక చూసుకోవాల్సింది పెదవిని. రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటుంది, పిల్లలకు అది వింతగా ఉండి కొరుక్కుంటారు, మత్తు దిగాక పెదవి ఉబ్బిపోతుంది. వేడివి పెట్టొద్దన్నారు. దారంతా వాడిని మాటల్లో పెట్టాం. మత్తు దిగాక చల్లటి పెరుగన్నం పెట్టాను, ఎన్నో రోజుల తర్వాత కుడివైపు నమిలాడు.

ఖర్చు సంగతి దాచడానికేం ఉంది. నరం పనికీ స్టీల్ క్యాప్‌కూ కలిపి ఐదు వేల చిల్లర అయింది. మొదటి చోట ఒక్కో జిర్కోనియా క్యాప్‌కే అంతకు మించి చెప్పారు. మా హెల్త్ ఇన్సూరెన్సులో పళ్ళకు రాలేదు. ఈ మాత్రం కూడా కష్టమయ్యేవాళ్ళకు డెంటల్ కాలేజీ మంచి దారి. భీమవరంలోనే విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, మామూలుగా ప్రైవేటు కంటే ఖర్చు బాగా తక్కువ ఉంటుంది, కాకపోతే టైము ఎక్కువ పడుతుంది. మాకు పాప స్కూలు, మావారి డ్యూటీ కుదరక అటు వెళ్ళలేదు గానీ, లేకపోతే నేను సంకోచించేదాన్ని కాదు.

పక్క ఊరి డాక్టరును ఎంచుకున్నప్పుడు అత్యవసరం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మేం మేడమ్ గారిని అడిగి, మా ఊరి డాక్టరు గారితోనూ మాట్లాడి పెట్టుకున్నాం. రాత్రిపూట నొప్పి, క్యాప్ ఊడటం లాంటివైతే ముందు ఆయన దగ్గరికే. ఎక్స్‌రేలు, చేసిన పని వివరాలు అన్నీ నా ఫోన్లో ఉన్నాయి, ఆయనకూ పంపాను. ఇక ఆటల్లో పడి పన్ను ఊడొస్తే, పాలపన్నయితే తిరిగి పెట్టరు. శాశ్వత పన్నయితే మాత్రం వేళ్ళ వైపు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని, చల్లటి పాలలో వేసి, వీలైనంత వరకు గంట లోపే దగ్గరున్న పళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అప్పుడు భీమవరం దాకా వెళ్తూ కూర్చోకూడదు. మేడమ్ ఈ మాట ప్రత్యేకంగా చెప్పారు, మా పాప స్కూల్లో టీచరు గారికి కూడా నేను చెప్పాను.

ఇంట్లో కొన్ని మార్చుకున్నాం. రాత్రి పడుకోబోయే ముందు పంచదార కలిపిన పాలు మానేశాం. మామిడితాండ్ర, జీళ్ళు లాంటి పంటికి అంటుకునేవి రోజంతా కొంచెం కొంచెంగా చప్పరించకుండా భోజనంతో పాటే పెడుతున్నాం. పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చూసి కొంటున్నాను. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలట. టీవీలో ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు నిండా వెయ్యక్కర్లేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి బ్రష్షింగ్ పెద్దవాళ్ళే చెయ్యాలన్నారు. ఇప్పుడు ఆ పని మావారిది.

మాకు తెలిసినవాళ్ళు భీమవరంలో ఎవరికి చూపించారని అడుగుతుంటే పేరు చెబుతున్నాను. చెబుతూనే, మీ పిల్లల్ని తీసుకెళ్ళి మొదటి రోజు ఆవిడ వాళ్ళతో ఎలా మాట్లాడతారో మీరే చూసి తేల్చుకోండి అంటున్నాను. మొన్న నరసాపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, వాళ్ళ పాపకు రెండున్నరేళ్ళే, పై ముందు పళ్ళు గోధుమ రంగులోకి తిరిగాయి, ఇంత చిన్నపిల్లకు కూడా చూస్తారా అని అడిగారు. చూస్తారు. మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపే ఒకసారి చూపించమనే పిల్లల దంతవైద్యులు చెబుతారు. ఆ వయసు పిల్లల్ని కుర్చీ ఎక్కించరు. అమ్మా డాక్టరూ ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చుంటారు, పాప తల డాక్టరు ఒళ్ళో ఉంటుంది, కాళ్ళు అమ్మ నడుముకు అటూ ఇటూ. నిద్రలో పాలసీసా నోట్లో ఉంచే అలవాటు ఉంటే ముందు అది మాన్పించమని, పొద్దున పూట అపాయింట్‌మెంటు అడగమని ఆవిడకు చెప్పాను.